సెల్ఫ్ టక్‌మని ఆగిపోతే: ఒక జెట్ బోటు కరెంటు పని డైరీ

శుక్రవారం సాయంత్రం: బోటు, జబ్బు

16 అడుగుల అల్యూమినియం బోటు. నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజను, గేర్‌బాక్సు లేకుండా షాఫ్టుతో నేరుగా జెట్ పంపుకు కలిపి ఉంది. 12 వోల్టుల వైరింగు, 70 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఒకటి, దాని పక్కనే మెయిన్ కటాఫ్ స్విచ్. ప్రస్తుతం బోయిన్‌పల్లిలో ఒక షెడ్డులో ట్రైలర్ మీద ఉంది.

జబ్బులు ఇవి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ తిరుగుతుంది. నీళ్లలో కాసేపు తిరిగి ఆపాక మళ్లీ కీ తిప్పితే టక్‌మంటుంది, అంతే. బోటు అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపు శబ్దం చేస్తుంది గానీ బయటికి సన్నటి ధారే వస్తుంది. రెండు వారాలు కదపకుండా ఉంచితే బ్యాటరీ డౌన్. బోటు అలల మీద ఎగిరి పడినప్పుడు ఒక్కోసారి ఇంజను క్షణంపాటు తెగి మళ్లీ అందుకుంటుంది.

చివరిది చిన్న జబ్బులా కనిపిస్తుంది కానీ అన్నిటికంటే ప్రమాదం అదే. జెట్ బోటుకు కింద ప్రొపెల్లర్ ఉండదు, చుక్కానీ ఉండదు. న్యూజిలాండ్‌లో విలియం హామిల్టన్ 1950లలో లోతు లేని నదుల కోసం తీర్చిదిద్దిన పద్ధతి ఇది: అడుగు నుంచి నీళ్లు పీల్చి వెనక నాజిల్ నుంచి చిమ్ముతుంది, ఆ నాజిల్ తిరిగితేనే బోటు తిరుగుతుంది. ఇంజను ఆగిందంటే స్టీరింగు కూడా పోయినట్టే. కారులో లూజ్ కాంటాక్ట్ ఉంటే పక్కకు ఆపుకోవచ్చు. ఇక్కడ గట్టు ఎటుంటే అటు పోతుంది.

బ్యాటరీ ఇప్పటికే ఒకసారి మార్చారు. కొత్తదానితోనూ ఇదే వరస. అందుకే ఈసారి ముందు కొలతలు, తర్వాతే కొనుగోళ్లు.

శనివారం ఉదయం: మూత తెరిచాక మొదటి పని, తర్వాత బ్యాటరీ

ఇంజను గది మూత తీసి ముందు వాసన చూడాలి. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, అడుగున చేరి కూర్చుంటుంది. వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టకుండా, ఆవిరిని బయటికి తోసే ఫ్యాను, అంటే బ్లోయర్ కూడా వేయకుండా, ముందు లీకు వెతకాలి. వాసన లేకపోయినా స్టార్ట్ చేసే ముందు బ్లోయర్ నాలుగు నిమిషాలు నడపాలి. బ్యాటరీ క్లాంపులు విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు నెగటివ్ చివర. పానా పొరపాటున బోటు బాడీకి తగిలినా నిప్పు లేవకుండా ఉండేది ఈ వరసవల్లే.

చార్జింగ్ నుంచి తీసిన వెంటనే కొలిస్తే బ్యాటరీ 13 వోల్టులు చూపించి మురిపిస్తుంది. అది పైపై చార్జి. రాత్రంతా వదిలేసి ఉదయం కొలిస్తే 12.62 వచ్చింది. లెక్క ఇలా పెట్టుకోవచ్చు: 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 దగ్గర ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే పాతిక. మూతలు తీసే రకం కాబట్టి యాసిడ్ సాంద్రత చూపే హైడ్రోమీటరుతో ఆరు సెల్‌లూ చూశాం. అన్నీ 1.255 నుంచి 1.265 మధ్య ఉన్నాయి. ఒక సెల్ మిగతావాటికంటే 0.050 తగ్గితే ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోవాలి. ఇక్కడ ఆ బాధ లేదు.

తర్వాత లోడ్ టెస్టు. బ్యాటరీ మీద రాసిన కోల్డ్ క్రాంకింగ్ ఆంపియర్లలో (చలిలో సెల్ఫ్ తిప్పడానికి ఇవ్వగల కరెంటు) సగం 15 సెకన్లు లాగినా 9.6 వోల్టుల కిందికి పడకూడదు. ఇది 10.4 దగ్గర నిలబడింది. బ్యాటరీ బాగుంది.

ఇంట్లో పక్కన పడి ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీ తెచ్చి బోటులో పెట్టే అలవాటు మన దగ్గర ఉంది. ట్యూబులర్ ప్లేట్లు నెమ్మదిగా గంటలకొద్దీ కరెంటు ఇవ్వడానికి చేసినవి, ఒక్కసారిగా 150 ఆంపియర్లు అడిగితే వోల్టేజీ కూలబడుతుంది. బరువు ఎక్కువ, పైగా బోటు కుదుపులకు అవి ఆగవు. నీళ్లు పోయాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. బోరు నీళ్లు కాదు, ఆర్వో నీళ్లు కూడా కాదు.

శనివారం మధ్యాహ్నం: జెట్ పంపు పట్టేసిందా?

సెల్ఫ్ తిరగకపోతే కరెంటు మీదే అనుమానం పోతుంది. జెట్ బోటులో ఇంకో కారణం ఉంది. గేర్‌బాక్సు లేదు కాబట్టి సెల్ఫ్ ఇంజనుతో పాటు పంపు లోపలి రెక్కల చక్రాన్ని, అంటే ఇంపెల్లర్‌నూ తిప్పాలి. ప్లాస్టిక్ కవరు, తాడు ముక్క, గుర్రపుడెక్క వేర్లు షాఫ్టుకు చుట్టుకున్నా, ఇంపెల్లర్ అంచుకూ దాని చుట్టూ ఉన్న రింగుకూ మధ్య గులకరాయి ఇరుక్కున్నా అచ్చం బ్యాటరీ డౌన్ అయినట్టే ఉంటుంది. ఎగ్జాస్టు గుండా సిలిండర్‌లోకి నీళ్లు దిగినా అంతే. అప్పుడు బలవంతంగా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

అందుకే కటాఫ్ స్విచ్ ఆపేసి, స్పార్కు ప్లగ్గులు విప్పి, క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా పెట్టి చేత్తో తిప్పాలి. ప్లగ్గులు లేకుండా ఏ పట్టూ లేకుండా తిరగాలి. ఇది తిరిగింది. పంపు నోటి జాలీలో నాచు కొంచెం ఉంటే తీసేశాం.

వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే డీసీ క్లాంప్ మీటర్ ఉంటే ఈ సంగతి ఇంకా త్వరగా తేలుతుంది. వోల్టేజీ పడిపోయి ఆంపియర్లు బాగా ఎక్కువ చూపిస్తే ఎక్కడో పట్టేసింది. వోల్టేజీ పడిపోయి ఆంపియర్లు కూడా తక్కువే ఉంటే బ్యాటరీ నీరసం. బ్యాటరీ దగ్గర వోల్టేజీ బాగానే ఉండి సెల్ఫ్ నీరసంగా తిరిగితే లోపం కరెంటు పోయే దారిలో ఉంది, అంటే కేబుళ్లలో, జాయింట్లలో. క్లాంప్ మీటర్ కొనేటప్పుడు డీసీ ఆంపియర్లు చూపిస్తుందో లేదో అడిగి తీసుకోవాలి. చౌకవి చాలావరకు ఏసీకే పనికొస్తాయి.

శనివారం సాయంత్రం: వోల్టేజీ ఎక్కడ పోతోంది

ఈ పనంతటికీ ప్రాణం ఈ పరీక్షే, ఖర్చు ఏమీ లేదు. మల్టీమీటర్ ప్రోబులు బ్యాటరీ రెండు పోల్‌ల మీద పెట్టడం అందరికీ అలవాటు. దాంతో బ్యాటరీ సంగతే తెలుస్తుంది. కరెంటు పారుతుండగా ఒకే వైరు రెండు కొసల మధ్య కొలవాలి. అక్కడ ఎన్ని వోల్టులు చూపిస్తే అన్ని వోల్టులు ఆ వైరు తినేసినట్టు. కరెంటు పారనప్పుడు తుప్పు పట్టిన జాయింటు కూడా 12.6 చూపిస్తుంది, కంటిన్యుటీ బీప్ కూడా కొడుతుంది. ఆ బీప్‌ను నమ్మి సెల్ఫ్ మోటర్లు మార్చినవాళ్లు ఎందరో.

ఇంజను అంటుకోకుండా కిల్ స్విచ్ (డ్రైవర్‌కు కట్టిన తాడు ఊడితే ఇంజనును ఆపే స్విచ్) తాడు తీసేశాం. ఈ బోటులో తాడు తీస్తే నిప్పు, పెట్రోల్ రెండూ ఆగుతాయి, సెల్ఫ్ మాత్రం తిరుగుతుంది. కొన్ని ఇంజన్లలో సెల్ఫ్ కూడా ఆగుతుంది కాబట్టి ముందే చూసుకోవాలి. జెట్ పంపులో నీళ్లతో తడిచే బేరింగు ఉంటుంది, ట్రైలర్ మీద సెల్ఫ్ కొట్టే ముందు ఇన్‌టేక్ నుంచి పైపుతో తడపాలి. ఒకసారికి పది సెకన్లు మించకుండా, మధ్యలో రెండు నిమిషాలు ఆగుతూ తిప్పాలి. మీటర్‌ను మిన్-మ్యాక్స్ మోడ్‌లో పెడితే అంకెలు జారిపోవు.

సెల్ఫ్ 140 ఆంపియర్లు లాగుతుండగా బ్యాటరీ పోల్‌ల మీద 11.1 వోల్టులు. సెల్ఫ్ మోటర్ స్టడ్‌కూ దాని బాడీకీ మధ్య 8.9. దారిలో 2.2 వోల్టులు మాయం.

పాజిటివ్ వైపు 0.7. అందులో పోల్‌కూ క్లాంపుకూ మధ్య 0.02, కటాఫ్ స్విచ్ ఒక్కదానిలో 0.38, మిగతా 0.30 కేబుల్‌లో. నెగటివ్ వైపు 1.5. క్లాంపు దగ్గర 0.03, కేబుల్‌లో 0.27, ఎర్త్ కేబుల్ లగ్గుకూ (కేబుల్ కొసన బోల్టుకు బిగించే రంధ్రమున్న లోహపు ముక్క) ఇంజను బ్లాకుకూ మధ్య 1.20.

సెల్ఫ్ తిరిగేటప్పుడు పాజిటివ్ దారి మొత్తం 0.5 లోపు, నెగటివ్ 0.3 లోపు ఉండాలి. ఏ ఒక్క జాయింటూ 0.1 దాటకూడదు. ఇక్కడ ఒక్క బోల్టు దగ్గరే 1.2 వోల్టులు 140 ఆంపియర్ల మీద పోతున్నాయి, అంటే 168 వాట్ల వేడి. సెల్ఫ్ కొట్టి ఆపగానే ఆ బోల్టు మీద వేలు పెడితే చురుక్కుమంది. ఇంజను గది వేడెక్కాక ఆ జాయింటు ఇంకా దిగజారుతుంది. వేడి మీద టక్‌మని ఊరుకోవడానికి కారణం అదే.

ఆ బోల్టు విప్పి చూశాం. బ్లాకు మీద నీలి రంగు పెయింటు అలాగే ఉంది. దాని మీద స్టెయిన్‌లెస్ వాషరు, వాషరు మీద లగ్గు, ఆపైన ఇంకో వాషరు, నట్టు. అంటే 140 ఆంపియర్లు బోల్టు మరల గుండా, స్టెయిన్‌లెస్ వాషరు గుండా పోవాలి. స్టెయిన్‌లెస్‌లో కరెంటు సరిగా పారదు. లగ్గు సుత్తితో కొట్టి నొక్కినది. స్లీవు కోసి చూస్తే లోపలి రాగి తీగలు నల్లగా ఉన్నాయి, అంచున పచ్చటి చిలుము, వేలితో లాగితే నాలుగైదు తీగలు ఊడి వచ్చాయి.

హుస్సేన్ సాగర్‌లో తిరిగే బోట్లలో రాగి ఇలా నల్లబడడంలో ఆశ్చర్యం లేదు. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాల మురుగు దశాబ్దాలుగా ఆ నీళ్లలో చేరింది. అడుగున కుళ్లినప్పుడు వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ రాగి మీద నల్లటి సల్ఫైడ్ పొర కడుతుంది. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. ఆ గాలి వైరు కొసల్లోంచి స్లీవు లోపలికి కూడా పాకుతుంది కాబట్టి కొసలు మూసెయ్యడం ఇక్కడ తప్పనిసరి.

ఆదివారం: సికింద్రాబాద్ రాణిగంజ్ సామాను

పాత కేబుల్ 25 స్క్వేర్ ఎంఎం. నెగటివ్ రెండున్నర మీటర్లు, పాజిటివ్ సుమారు 2.7 మీటర్లు. 25 స్క్వేర్ రాగి మీటరుకు 0.69 మిల్లీఓమ్, 50 స్క్వేర్‌కు 0.34. కేబుల్ లావు చేస్తే నష్టం సగమవుతుంది. 50 స్క్వేర్ టిన్డ్ కాపర్ (తగరం పూత వేసిన రాగి) ఆరు మీటర్లు, 50 స్క్వేర్ టిన్డ్ లగ్గులు స్టడ్ సైజును బట్టి 8, 10 ఎంఎం రంధ్రాలతో ఎనిమిది, లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ ఒకటిన్నర మీటరు, 200 ఆంపియర్లు నిరంతరం మోసే కటాఫ్ స్విచ్ ఒకటి.

టిన్డ్ దొరకకపోతే వెల్డింగ్ కేబుల్ వాడొచ్చు, బాగా వంగుతుంది. కానీ దాని సన్నటి తీగలు తేమను పీలుస్తాయి, కొసలు జిగురు స్లీవుతో పూర్తిగా మూసేస్తేనే పని. రాగి పూత వేసిన అల్యూమినియం కేబుల్ కూడా రాగి పేరుతోనే అమ్ముతారు. ఒక తీగను బ్లేడుతో గీకితే తెల్లగా బయటపడుతుంది. బరువు చూసినా తెలుస్తుంది: 50 స్క్వేర్ రాగి మీటరుకు దాదాపు 450 గ్రాములు, అల్యూమినియం 135, పైన రబ్బరు బరువు వేరు.

సెల్ఫ్ మోటర్, డైనమో, ఇంజను గదిలో ఉండే స్విచ్చులు, బ్లోయర్ మార్చాల్సి వస్తే మాత్రం కారు పార్టు తెచ్చి బిగించకూడదు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. బోటువి లోపలి నిప్పురవ్వ బయటి ఆవిరిని అంటుకోకుండా కట్టినవి, వాటిమీద ఆ రక్షణ ప్రమాణం పేరు ఎస్ఏఈ జె1171 అని ఉంటుంది. కారు బానెట్ కింద గాలి ఆడుతుంది, బోటు ఇంజను గది మూసిన పెట్టె. ఈ ఒక్క విషయంలో సర్దుబాటు లేదు.

ఆదివారం సాయంత్రం: బిగింపు

బ్లాకు మీద రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్ద మేర పెయింటు గీకి, ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్దాం. వరస ఇది: ముందు మెరిసే లోహం, దానిమీద నేరుగా లగ్గు, ఆపైన వాషరు, స్ప్రింగ్ వాషరు, బోల్టు. బిగించాక పైనుంచి పెట్రోలియం జెల్లీ. లగ్గుకూ లోహానికీ మధ్య ఏదీ ఉండకూడదు. బ్యాటరీ మీద చేత్తో తిప్పే రెక్కల నట్లు ఉంటే తీసి పానా నట్లు వేశాం. బోటు కుదుపులకు రెక్కల నట్లు వదులవుతాయి.

లగ్గులు హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్‌తో 50 డై వేసి నొక్కించాలి. టూల్ కొనక్కర్లేదు, కేబుల్ అమ్మే చోట నొక్కి ఇస్తారు. సోల్డరింగ్ ఒక్కదాన్నే నమ్మొద్దు. సీసం తీగల్లోకి పాకి గట్టిపడుతుంది, ఆ గట్టి భాగం ఆగిన చోటే కుదుపులకు కేబుల్ విరుగుతుంది.

పని ఇంకోటి మిగిలింది. సెల్ఫ్ సాలినాయిడ్‌కు (మోటరుకు పెద్ద కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్) కరెంటు డాష్‌బోర్డులోని కీ దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వస్తోంది. రానూ పోనూ పది మీటర్ల 2.5 స్క్వేర్ వైరు, అంటే 69 మిల్లీఓమ్. సాలినాయిడ్ లాగే క్షణంలో 30 ఆంపియర్లు తీసుకుంటే రెండు వోల్టులు దారిలోనే పోతాయి. అందుకే ఇంజను గది గోడకు ఇవతల, డ్రైవర్ వైపు, సీలు చేసిన 70 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెట్టాం. బ్యాటరీ నుంచి రిలేకు, రిలే నుంచి సాలినాయిడ్‌కు 6 స్క్వేర్ వైరు. రిలేకు వెళ్లే లైనుకు బ్యాటరీ నుంచి 18 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు. కీ వైరు ఇప్పుడు రిలే కాయిల్‌కు సరిపడా మాత్రమే మోస్తుంది.

మళ్లీ కొలతలు. బ్యాటరీ మీద 11.0, సెల్ఫ్ మీద 10.57. పాజిటివ్ నష్టం 0.24, నెగటివ్ 0.19. సెల్ఫ్ శబ్దమే మారిపోయింది.

మంగళవారం: బిల్జ్ పంపు, లీకేజీ

బ్యాటరీ నెగటివ్ తీసి మీటర్‌ను వరసలో పెట్టి, అన్నీ ఆపి చూస్తే 85 మిల్లీ ఆంపియర్లు. ఈ స్థితిలో పొరపాటున కీ తిప్పితే మీటర్ ఫ్యూజు పోతుంది, కీ తీసి జేబులో పెట్టుకోవాలి. 85 మిల్లీ ఆంపియర్లంటే రోజుకు రెండు ఆంపియర్-అవర్లు. రెండు వారాల్లో 28, అంటే 70లో నలభై శాతం. డౌన్ కాక ఏమవుతుంది?

ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోతే స్టీరియో మెమరీ 12 అని తేలింది. బిల్జ్ పంపు ఫ్యూజు తీయగానే 70 మిల్లీ ఆంపియర్లకు పైగా తగ్గిపోయింది. నీళ్లు పెరిగితే తేలి పంపును వేసే ఆటోమేటిక్ ఫ్లోట్ స్విచ్ వైరు జాయింటు అడుగున నీళ్లలో ఉంది. రెండు వైర్లు మెలిపెట్టి టేపు చుట్టారు. టేపు విప్పితే నల్లటి బురద. ఆ జాయింటు నుంచి పాజిటివ్ కరెంటు తడి గుండా బోటు బాడీలోకి పోతోంది. పక్కనే అల్యూమినియం మీద తెల్లటి పొడి, గోరు గుచ్చుకునేంత గుంత. అల్యూమినియం బోటులో బ్యాటరీ డౌన్ అవడం కంటే ఇదే పెద్ద నష్టం. పాజిటివ్ కరెంటు తడిలో హల్‌ను, అంటే బోటు బాడీని తాకితే లోహం కరిగిపోతూ ఉంటుంది. హల్‌ను ఎర్త్ వైరులా వాడకూడదు అనేదీ ఇందుకే. ప్రతి పరికరానికీ దాని నెగటివ్ వైరు వేరుగా బస్ బార్ (వైర్లన్నీ కలిసే లోహపు పట్టీ) దాకా రావాలి, హల్‌కు ఒక్కచోటే కలవాలి.

అదే జాయింటు వల్ల పంపుకు 10.4 వోల్టులే అందుతున్నాయి. సన్నటి ధారకు కారణం అది. కొత్తగా 2.5 స్క్వేర్ టిన్డ్ వైరు, జాయింట్లన్నీ నీళ్లు ఎప్పటికీ చేరని ఎత్తులో, జిగురు స్లీవులతో. 3 ఆంపియర్లకు రానూ పోనూ 8 మీటర్ల మీద నష్టం 0.17 వోల్టు. ఇలాంటి ప్రాణాధారమైన లైన్లకు మూడు శాతం, అంటే 0.36 దాటకూడదు. ఫ్లోట్ స్విచ్ లైను మాత్రం కటాఫ్ స్విచ్ గుండా పోకుండా నేరుగా బ్యాటరీకి, మనిషి లేనప్పుడు కూడా పనిచేయాలి కాబట్టి. పంపు మీద ఎంత ఫ్యూజు రాసుంటే అంతే వెయ్యాలి. నాచు పట్టి పంపు ఆగిపోతే లావు ఫ్యూజు పోదు, పంపు కాలుతుంది.

ఇప్పుడు 13 మిల్లీ ఆంపియర్లు. గుంత పడిన చోట వెల్డింగ్ అక్కర్లేదనిపించింది. శుభ్రం చేసి ఎపాక్సీ ప్రైమర్ వేసి, లోతు కొలిచి గోడ మీద రాసిపెట్టాం.

అలల మీద ఇంజను క్షణంపాటు తెగడానికి అనుమానం కిల్ స్విచ్ మీదే, దాని సంగతి త్వరగానే తేలింది. రెండు వైర్ల మధ్య ఓమ్‌లు చూస్తూ తాడు క్లిప్పును అటూ ఇటూ కదిపితే 0.3 నుంచి ఒక్కసారిగా తెగిపోయి మళ్లీ కలిసింది. లోపలి కాంటాక్టు అరిగింది. ఇది శుభ్రం చేసి వాడే వస్తువు కాదు, మార్చాం. కొత్తది కొనేటప్పుడు తాడు లాగితే కాంటాక్టు తెగే రకమా, కలిసే రకమా అని పాతదానితో పోల్చాలి. రకం తారుమారైతే తాడు లాగినా ఇంజను ఆగదు.

శనివారం: నీళ్లలో

దింపే ముందు బ్లోయర్ నాలుగు నిమిషాలు. స్టార్ట్ అయ్యాక 2,000 ఆర్పీఎం మీద చార్జింగ్ కొలత. కేబుళ్లు మార్చకముందు ఇదే ఆర్పీఎంలో డైనమో దగ్గర 14.2, బ్యాటరీ దగ్గర 13.4 వచ్చేది. డైనమో మార్చాలని అప్పట్లో అందరూ అన్నారు. ఇప్పుడు డైనమో దగ్గర 14.2, బ్యాటరీ దగ్గర 14.0. సెల్ఫ్ కరెంటూ చార్జింగ్ కరెంటూ అదే ఎర్త్ బోల్టు గుండా పోతాయి కాబట్టి ఒక్క బోల్టు రెండు జబ్బులూ తెచ్చింది. బ్యాటరీ మీద ఏసీ వోల్టులు 0.04. అర వోల్టు దాటితే డైనమోలో డయోడ్ పోయినట్టు. 15 వోల్టులు దాటితే రెగ్యులేటర్ పోయినట్టు, బ్యాటరీ ఉడికిపోతుంది. ఇంజను నడుస్తుండగా కటాఫ్ స్విచ్ ఆపకూడదు. ఒక్కసారిగా లోడ్ తెగితే వోల్టేజీ ఎగిరి డయోడ్లు పోతాయి. స్విచ్ పక్కన ఆ మాట పెయింటుతో రాశాం.

సెల్ఫ్ కొట్టడమే బ్యాటరీని తాగేస్తుందని చాలామంది అనుకుంటారు. 150 ఆంపియర్లు మూడు సెకన్లంటే 0.125 ఆంపియర్-అవర్ మాత్రమే. ఇంజను ఆపి స్టీరియో, లైట్లు కలిపి 10 ఆంపియర్లు ఒక గంట నడిపితే 10 ఆంపియర్-అవర్లు, అంటే ఎనభై స్టార్టులకు సరిపడా. ఐడిల్‌లో డైనమో ఇచ్చేది ఇగ్నిషన్, పెట్రోల్ పంపు, బ్లోయర్‌కే దాదాపు సరిపోతుంది. బ్యాటరీ నిండాలంటే గట్టు దగ్గర ఐడిల్ కాదు, నీళ్లలో తిరగాలి.

ఇంజను బాగా వేడెక్కించి, ఆపి, పావుగంట ఆగి మళ్లీ కీ తిప్పాం. మొదటిసారికే అందుకుంది. ఎర్త్ బోల్టు ముట్టుకుంటే ఇంజను వేడే తప్ప వేరే వేడి లేదు. బిల్జ్‌లో ఒక బకెట్ నీళ్లు పోస్తే ఫ్లోట్ లేచి పంపు నిండు ధారతో తోడేసింది.

మిగిలిన పనులు: ఆర్పీఎం మీటర్ సూది 3,000 దాటాక వణుకుతోంది, సెన్సర్ వైరు ఇగ్నిషన్ వైర్ల పక్కనే పోతోంది కాబట్టి వేరే దారిన వేయాలి. స్టీరియో కోసం రెండో బ్యాటరీ, వోల్టేజీని బట్టి కలిపే రిలే పెట్టాలని ఒక ఆలోచన ఉంది. బ్యాటరీ పెట్టెకు బరువు తట్టే బెల్టు, దాని కింద చట్రం తయారయ్యాకే అది. ఎర్త్ బోల్టూ కటాఫ్ స్విచ్చూ వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి ఇదే వోల్టేజీ పరీక్షతో చూడాలి. ఈ రోజు అంకెలు ఇంజను మూత లోపల స్టిక్కర్ మీద రాసి అతికించాం: పాజిటివ్ 0.24, నెగటివ్ 0.19, లీకేజీ 13 మిల్లీ ఆంపియర్లు.